బయటి కండక్టర్ వచ్చినప్పుడు

డిసెంబరు వచ్చిందంటే మెదక్‌లో కీబోర్డ్ వాయించేవాళ్లకు తీరిక ఉండదు. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన కేథడ్రల్ ఉన్న ఊరు ఇది. క్వాయర్, పియానో మనకు కొత్త కావు. కొత్తేమిటంటే, ఏళ్ల తరబడి ఒకే మాస్టారు దగ్గర వాయించినవాళ్లకు ఎప్పుడో ఒకసారి హైదరాబాద్‌లో ఆర్కెస్ట్రాతో వాయించమని పిలుపు రావడం, అక్కడ గెస్ట్ కండక్టర్ ఉండటం. మన మాస్టారు తల ఊపితే మనకు అర్థమైపోతుంది. వచ్చినాయనకు మన సంగతి తెలియదు, తెలుసుకునే తీరికా ఉండదు. 2006లో ముంబయిలో పుట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాకూ ఇలా బయటి కండక్టర్లు వస్తూనే ఉంటారు. ఈ రంగంలో అది మామూలే.

అందుకే ఆర్కెస్ట్రా మొత్తం కూర్చోకముందే గెస్ట్ కండక్టర్‌తో విడిగా ఓ అరగంట అడగండి. పియానో దగ్గరే వేగం తేల్చుకోండి. ఆయన చెప్పింది పెన్సిల్‌తోనే రాసుకోండి, రేపు ఇంకో కండక్టర్ వస్తే చెరపాలి కదా. రిహార్సల్లో ఆయన "48వ బార్ నుంచి" అంటారు, "పల్లవి నుంచి" అనరు. చెవితో నేర్చుకున్నవాళ్లు తడబడేది ఇక్కడే. స్టాఫ్ నోటేషన్ చదవడం ఇప్పుడే మొదలుపెట్టండి. కీబోర్డ్ అయితే, కూర్చోగానే ట్రాన్స్‌పోజ్ సున్నాలో ఉందో లేదో చూడండి.

పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే మోట్సార్ట్ కన్సర్టోల్లో కెడెన్జా అనే ఘట్టం ఉంటుంది. అందరూ ఆగుతారు, పియానో ఒక్కటే మోగుతుంది. చివర్లో రెండు పక్కపక్క స్వరాల మీద వేళ్లు గబగబా ఆడతాయి. దాన్ని ట్రిల్ అంటారు. కండక్టర్‌కు అదే సైగ. అది తొందరగా ముగిస్తే ఆయన చెయ్యి ఇంకా లేవదు, ఆర్కెస్ట్రా అంతా మీకోసం తడుముకుంటుంది. ట్రిల్ ఎంతసేపో ముందే చెప్పేయండి.

అభిప్రాయం కలవకపోతే? 1962 ఏప్రిల్‌లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో బ్రామ్స్ కన్సర్టో మొదలయ్యే ముందు, సోలోయిస్ట్ గ్లెన్ గూల్డ్ ఎంచుకున్న వేగం తనకు నచ్చలేదని కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టైన్ ప్రేక్షకులకే చెప్పేశాడు. అయినా ఇద్దరూ కలిసి కచేరీ పూర్తిచేశారు. వాళ్లకు చెల్లింది, మనకు చెల్లదు. మీ మాట రిహార్సల్లోనే మర్యాదగా చెప్పండి. స్టేజీ ఎక్కాక ఆయన చేతినే చూడండి.

ఇక డబ్బు సంగతి. పారితోషికం, రానుపోను ఖర్చు, రిహార్సల్ రోజులకు డబ్బు ఉందా లేదా అన్నవి ఒప్పుకోకముందే వాట్సాప్‌లో రాయించుకోండి. మొహమాటపడొద్దు.