తక్కువ దినుసుల వంటిల్లు

చిరంజీవి మేనకోడలికి,

బాబుకి పాలు, గుడ్డు, వేరుశనగ పడవని డాక్టరుగారు తేల్చినప్పటి నుంచి సరుకుల ఖర్చు చేయి దాటిపోతోందని రాశావు. బాదం పాల డబ్బాలు, గుడ్డు లేని బిస్కెట్లు, పాలు తగలని చాక్లెట్లు కొంటూపోతే జీతం చాలదనీ, మానేస్తే పిల్లాడికి ఏమవుతుందోనని భయమనీ అన్నావు. పొదుపో, పిల్లాడి క్షేమమో ఏదో ఒకటే దక్కుతుందన్న లెక్క నీ ఉత్తరమంతా ఉంది. ఆ లెక్కే సరికాదని నా నమ్మకం. విడిసరుకు తెచ్చుకుని, తక్కువ దినుసులతో, ఇంట్లో వండుకుంటే డబ్బు మిగులుతుంది. పిల్లాడూ క్షేమంగా ఉంటాడు. రెండింటికీ కారణం ఒకటే: గిన్నెలో ఏం పడిందో పూర్తిగా నీకు తెలుస్తుంది. ఎందుకలా అంటున్నానో చెబుతాను, నువ్వు అడగబోయే ఎదురుప్రశ్నలతో సహా.

ముందు ఒంట్లో జరిగేదేమిటో తేటగా తెలియాలి. శరీరంలోని రక్షణ వ్యవస్థ ఏదో ఒక ప్రొటీన్‌ను శత్రువనుకుని విరుచుకుపడటమే ఆహార అలర్జీ. కొవ్వు మీదో చక్కెర మీదో కాదు, సాధారణంగా దాని పోరాటమంతా ప్రొటీన్ మీదే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం చిక్కులు విడిపోతాయి. పాలు అరగకపోవడం వేరు, పాల అలర్జీ వేరు. అరగకపోవడానికి కారణం లాక్టోస్ అనే చక్కెర. అలర్జీకి కారణం కేసీన్, వే అనే ప్రొటీన్లు. అందుకని లాక్టోస్ తీసేసిన ఖరీదైన పాలు బాబుకి ఏ మాత్రం పనికిరావు. కేసీన్ మరిగించినా చావదు, తోడు పెట్టినా పోదు. కాబట్టి పెరుగూ మజ్జిగా కూడా పాలే అనుకో. ఆవుపాలు పడని పిల్లల్లో ఎక్కువమందికి మేకపాలూ పడవు, గేదెపాలనూ నమ్మలేం. నెయ్యి ఎంత బాగా కాచి వడగట్టినా అందులో కాస్తో కూస్తో పాల ప్రొటీన్ మిగులుతుంది. ‘నెయ్యేగా, ఒక్క చుక్క ఏం చేస్తుంది’ అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్లకి ఓపిగ్గా చెప్పాల్సింది ఇదే.

ఇక ప్యాకెట్ల విషయం. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం పాలు, గుడ్లు, వేరుశనగ, చెట్టు గింజలు, సోయా, చేపలు, రొయ్యల జాతి, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు ఏవి కలిసినా ప్యాకెట్ మీద విడిగా ప్రకటించాలి. మంచి నిబంధన, తప్పకుండా వాడుకో. కానీ ఆ ముద్రణ ప్యాకెట్ దగ్గరే ఆగిపోతుంది. వీధి చివర బేకరీ అద్దాల బీరువాలో కేకు ముక్కకీ, మిఠాయి కొట్టు తట్టలో మైసూరుపాకుకీ, ఒకే మూకుట్లో వేగిన పల్లీ పకోడీకీ ఉల్లి పకోడీకీ లేబుల్ ఎక్కడిది? పైగా మన వంటల్లో వేరుశనగ దూరని చోటు లేదు. పులిహోర, ఉప్మా, గుత్తివంకాయ కారం, టిఫిన్ చట్నీ, అటుకుల మిక్చరు, బెల్లం చిక్కీ, అన్నిట్లోనూ ఉంటుంది. ఆరోగ్యమని ఇప్పుడందరూ కొంటున్న గానుగ వేరుశనగ నూనెలో ప్రొటీన్ మిగిలే ఉంటుంది. బాగా శుద్ధి చేసిన నూనెలో అది దాదాపుగా ఉండదు. ఖరీదు ఎక్కువైన నూనె మీ ఇంటికి ఎక్కువ ప్రమాదమన్నమాట. ఇంకో మాట, బాబుకి సంబంధం లేకపోయినా తెలిసి ఉండటం మంచిది: కొట్లో దొరికే ఇంగువలో చాలా రకాలకు గోధుమ పిండో మైదానో కలుపుతారు. గోధుమ పడని పిల్లాడికి సాంబారు ఎందుకు పడలేదో తెలియక ఎన్ని ఇళ్లు తలలు పట్టుకుంటాయో! ఇలాంటి చోట్ల ధర చూసి ప్రయోజనం లేదు, దినుసుల జాబితా ఎంత పొట్టిగా ఉందో చూడాలి.

పొదుపు వంటా అలర్జీ వంటా కలిసే చోటు చరిత్రలోనే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనూ, 1930ల ఆర్థిక మాంద్యంలోనూ అమెరికా ఇల్లాళ్లకు పాలు, గుడ్లు, వెన్న భారమయ్యాయి. అప్పుడు అవేవీ లేని కేకులు ఇంటింటా పుట్టాయి. కొన్నింట్లో ఎండుద్రాక్ష ఉడకబెట్టిన నీళ్లు, కొన్నింట్లో కోకో పొడి, సోడా, వెనిగర్, నూనె, మామూలు నీళ్లు. అప్పట్లో వాళ్ల బెంగ డబ్బు గురించే, అలర్జీ గురించి కాదు. ఇవాళ అక్కడే పాలూ గుడ్డూ పడని పిల్లల తల్లులు అదే కేకు పుట్టినరోజులకు చేస్తున్నారు. కొలతలు రాసుకో: ఒకటిన్నర కప్పుల మైదా, కప్పు చక్కెర, మూడు పెద్ద చెంచాల కోకో పొడి, ఒక చిన్న చెంచా వంటసోడా, అర చెంచా ఉప్పు కలిపి జల్లించు. అందులో పెద్ద చెంచాడు వెనిగర్, ఆరు పెద్ద చెంచాల నూనె, కప్పు నీళ్లు పోసి గబగబా కలిపి, వెంటనే కాల్చాలి. సోడా, వెనిగర్ కలిసీ కలవగానే గ్యాసు పుట్టడం మొదలవుతుంది, కేకును లేపేది అదే. ఆలస్యమైతే ఆ పొంగు గిన్నెలోనే పోతుంది. ఓవెన్ ఉంటే 180 డిగ్రీల దగ్గర అరగంట దాటాక పుల్ల గుచ్చి చూడు. లేకపోతే దిబ్బరొట్టె కాల్చే మందపాటి గిన్నె చాలు, మూత బిగించి సన్నటి సెగ మీద పెట్టు. ఈ లెక్కన దిబ్బరొట్టె మన సొంత బేకింగే. నిప్పుల మీదా, మూత మీది నిప్పుల కిందా మినప్పిండి కాల్చిన ఇళ్లకు గుడ్డు లేకుండా పొంగించడం ఎప్పుడో తెలుసు.

ఇక్కడ నా సలహాలో అసలు మాట ఉంది. గుడ్డుకు బదులేమిటి, పాలకు బదులేమిటి అని వెతకడం మొదలుపెడితే ఖర్చు అక్కడే మొదలవుతుంది. బదులు సరుకు చాలాసార్లు అసలు కన్నా ప్రియమే. ముందు నుంచీ గుడ్డూ పాలూ అక్కర్లేని వంటను వెతుక్కో. ఇడ్లీ తీసుకో. మినప్పప్పులోని జిగురు పిండిని కలిపి ఉంచుతుంది, రాత్రంతా పులిసేటప్పుడు ల్యూకోనోస్టాక్ అనే సూక్ష్మజీవులు వదిలే గ్యాసును పట్టి ఉంచుతుంది. స్పాంజి కేకులో గుడ్డు చేసే పనే ఇది. పెసరట్టు, జొన్నరొట్టె, రాగి సంగటి, బియ్యపు రవ్వ ఉప్పిండి, పప్పుచారు, వీటిలో దేనికీ పాలూ గుడ్డూ సహజంగానే అక్కర్లేదు. పండగలకు పూర్ణం బూరెలున్నాయి, వినాయకచవితికి కుడుములూ ఉండ్రాళ్లూ ఉన్నాయి, నెయ్యి తగలకుండా నూనెలో వండిన అరిసెలున్నాయి. పాయసానికి కొబ్బరిపాలు చాలు. తప్పనిసరై కుకీల్లాంటి వాటిలో గుడ్డుకు బదులు కావాలంటే పెద్ద చెంచాడు అవిసె గింజల పొడిని మూడు చెంచాల నీళ్లలో పది నిమిషాలు నాననివ్వు, అది ఒక గుడ్డు జిగురుకు సమానం. నాలుగు గుడ్ల కేకుకు మాత్రం అది సరిపోదు, ఆ ప్రయత్నంలో సరుకు పాడుచేసుకోకు. చట్నీకి పల్లీల బదులు పుట్నాలు వాడొచ్చు. అయితే శనగ పడనివాళ్లూ మన దేశంలో ఉన్నారని వైద్యులు గమనించారు, నువ్వులు కూడా అలర్జీ కలిగించే వాటిలో పేరుమోసినవే. బాబు ఇంతవరకూ తినని గింజ ఏదైనా డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టు.

నువ్వు వేసే మొదటి ఎదురుప్రశ్న బలం గురించి అయి ఉంటుంది: పాలూ గుడ్డూ లేకపోతే పిల్లాడు ఎలా పెరుగుతాడని. న్యాయమైన భయం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే బరువు ఆవుపాలలో ఉండేది సుమారు 120. అంకెలు చూసి సంబరపడిపోకు, రాగుల్లోని ఫైటేట్లు కాల్షియంను పూర్తిగా ఒంటికి పట్టనివ్వవు. నానబెట్టి మొలకెత్తించి ఆరబోసి పిండి పట్టిస్తే, లేదా పిండిని పులియబెడితే ఆ అడ్డు తగ్గుతుంది. మునగాకు పప్పు, కందిపప్పు, పెసరపప్పు, సోయా పడితే సోయా, మాంసాహారం తింటే చేపా కోడీ, ఇవి ప్రొటీన్ లోటు తీరుస్తాయి. కానీ బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు. శాకాహార ఇంట్లో పాలూ గుడ్డూ రెండూ ఆగిపోతే దాన్ని మందుగా ఇవ్వాల్సిందే. బాదం పాలు చూసి మోసపోకు, కొట్లో దొరికే చాలా రకాల్లో నీళ్లే ఎక్కువ, ప్రొటీన్ చాలా తక్కువ. ఆ డబ్బుతో కందిపప్పు కొను.

రెండోది తీరిక. ఉద్యోగం చేస్తూ ఇవన్నీ ఎప్పుడు చేయనంటావు. పిల్లాడికొక వంట, ఇంటికొక వంట అనుకుంటే నిజంగానే చేయలేవు, అలా చేయకూడదు కూడా. రెండు వంటలుంటే గరిటె ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఎప్పుడో ఒకప్పుడు వెళ్తుంది. ఇంటిల్లిపాదికీ వండే వంటే బాబు తినగలిగేది కావాలి. పెరుగూ నెయ్యీ కావలసినవాళ్లు చివర్లో తమ కంచంలో వేసుకుని, చేయి కడుక్కోవాలి. వేరుశనగను మాత్రం కొన్నాళ్లు ఇంట్లోకే రానివ్వకు. ఆదివారం రుబ్బిన పిండి మూడు రోజుల టిఫిను. ఒక మాట గట్టిగా చెబుతున్నా: ఇదంతా నీ ఒక్కదాని మీద పడితే నిలవదు. లేబుల్ చదవడం, పిండి రుబ్బడం, అట్టు వేయడం మీ ఆయనకూ రావాలి. నువ్వు ఊళ్లో లేని రోజున పిల్లాడి క్షేమం అతని చేతుల్లోనే ఉంటుంది.

పొదుపు ఎక్కడ పనికిరాదో కూడా చెప్పకపోతే ఈ ఉత్తరం అన్యాయమవుతుంది. ఏడాది లోపు పసివాడికి పాలు పడకపోతే తల్లిపాలో, డాక్టరు రాసిచ్చిన ప్రత్యేక పాలపొడో తప్ప ఇంట్లో కాచిన గంజి, కొబ్బరిపాలు ఎంతమాత్రం చాలవు. అలర్జీ ముదిరితే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ విషయంలోనూ బేరం వద్దు. ఏ ఆసుపత్రిలో రాత్రిపూట కూడా ఆ ఇంజెక్షన్ ఇస్తారో కనుక్కుని, ఆ కాగితం తలుపు వెనక అంటించు. ఒళ్లంతా దద్దుర్లతో పాటు ఊపిరాడకపోవడం, గొంతు బొంగురుపోవడం, పదేపదే వాంతులు, ఒళ్లు తూలడం కనిపిస్తే నిమ్మరసం, వాము అంటూ కూర్చోకు, పరుగెత్తు. పరీక్షల దగ్గరా తొందరపాటు వద్దు. కర్ణాటకలో పెద్దలపై చేసి 2016లో ప్రకటించిన యూరోప్రెవాల్ అధ్యయనంలో, రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారానికి స్పందన కనిపించినవాళ్లు నాలుగో వంతుకు పైగా ఉన్నారు. నిజంగా అలర్జీ ఉండవచ్చని తేలినవాళ్లు మాత్రం నూటికి ఒకరికి కాస్త ఎక్కువ. అంటే రక్తపరీక్ష కాగితం ఒక్కటే చూసి ఇరవై రకాలు మాన్పిస్తే డబ్బూ పోతుంది, పిల్లాడి బలమూ పోతుంది. తిన్నప్పుడు ఏం జరిగిందన్న చరిత్ర, అవసరమైతే ఆసుపత్రిలో డాక్టరు ఎదుట కొద్దికొద్దిగా తినిపించి చూసే పరీక్ష, వీటితోనే మాట తేలుతుంది.

బాబుకి పడలేదు కదా అని వాడి చంటి చెల్లెలికి కూడా వేరుశనగ ఆపేశావట. ఆ జాగ్రత్తే ఎదురుతిరగవచ్చు. లండన్‌లో గిడియన్ ల్యాక్ బృందం ఎగ్జిమా ఎక్కువగా ఉన్న, లేదా గుడ్డు పడని 640 మంది పసిపిల్లలపై చేసి 2015లో ప్రకటించిన లీప్ అధ్యయనంలో, మొదటి ఏడాదిలోనే వేరుశనగ తినడం మొదలుపెట్టిన పిల్లల్లో ఆ అలర్జీ ఐదింట నాలుగు వంతులు తగ్గింది. చంటిదానికి కూడా పడదేమో డాక్టరుగారికి చూపించి, ఆయన సరేనంటే మెత్తటి ముద్దగా పలుచన చేసి పెట్టాలి, గింజలుగా ఎన్నడూ కాదు. అది బాబుకి తగలకుండా ఎక్కడ, ఎప్పుడు పెట్టాలన్నదీ అడుగు. బాబు సంగతి కూడా ఏడాదికోసారి మళ్లీ చూపించు. పాలూ గుడ్డూ పడని పిల్లల్లో చాలామంది పెరిగేకొద్దీ తేరుకుంటారు, వేరుశనగ అలర్జీ ఐదుగురిలో ఒకరికి మాత్రమే పోతుంది. పచ్చి గుడ్డు పడనివాళ్లలో చాలామంది కేకులో బాగా కాలిన గుడ్డును తట్టుకుంటారు, పాల సంగతీ అంతే. ఇది మాత్రం ఇంట్లో చేసి చూసే ప్రయోగం కాదు. ఈసారి వెళ్లినప్పుడు ఆసుపత్రిలో అలా తినిపించి చూస్తారేమో కనుక్కుని రాయి. సరేనంటే ఏ కొలతలతో చేసిన కేకు తీసుకురమ్మన్నారో కూడా రాయి.

ఇట్లు,
నీ మేనత్త