సర్వో మోటారు చక్రమైంది

చిన్న రోబో బండి చేద్దామనుకునే సరికి మా దగ్గర ఉన్నవి మూడు ఎస్‌జీ 90 సర్వో మోటార్లు. ఒక్కోటి 9 గ్రాములే. చిక్కేమిటంటే, ఇవి సుమారు 180 డిగ్రీలు తిరిగి ఆగిపోతాయి. రోబో చెయ్యి ఊపడానికి చాలు గానీ చక్రం తిప్పడానికి పనికిరావు. అందుకే ఒకదాన్ని విప్పి చూశాం.

లోపల ఓ బుల్లి డీసీ మోటారు, దాని వేగం తగ్గించి బలం పెంచే పళ్ల చక్రాలు, ఒక సర్క్యూట్, ఒక పొటెన్షియోమీటరు ఉన్నాయి. పాత రేడియోలో శబ్దం పెంచే నాబ్ కింద ఉండేది కూడా ఇలాంటిదే. ఇరుసుతోపాటు తిరుగుతూ, ఇరుసు ఇప్పుడు ఎక్కడుందో సర్క్యూట్‌కు చెప్పడం దీని పని. మనం సెకనుకు 50 పల్సులు పంపుతాం. పల్సు నిడివి 1.5 మిల్లీసెకన్లయితే "మధ్యకు రా" అని అర్థం. మనం అడిగిన చోటుకీ ఇరుసు ఉన్న చోటుకీ తేడా పోయేదాకా సర్క్యూట్ మోటారును తిప్పుతుంది.

మరి పొటెన్షియోమీటరు అసలు కదలకపోతే? తేడా ఎప్పటికీ పోదు, మోటారు ఆగదు. మాకు కావలసింది అదే!

చివరి పళ్ల చక్రం మీద అడ్డుగా ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను బ్లేడుతో కోసేశాం (పెద్దవాళ్లు పక్కనుంటేనే చేయండి). ఆ చక్రం కింద పొటెన్షియోమీటరు కాడ బిగిసే గుంటను గుండ్రంగా, వదులుగా తొలిచాం. ఇక చక్రం తిరిగినా కాడ తిరగదు. తర్వాత 1.5 మిల్లీసెకన్ల పల్సు పంపుతూ, మోటారు ఆగేదాకా కాడను మెల్లగా తిప్పి, అక్కడే జిగురు చుక్క వేయాలి. మొదటి మోటారుకు తొందరపడి ముందే జిగురు వేసేశాం. ఆగమంటే ఆగదు, నత్తలా పాకుతుంది! ప్రోగ్రాంలో 1500 మైక్రోసెకన్లకు బదులు 1540 రాస్తే గానీ అది నిలబడలేదు.

రెండు చక్రాలూ బిగించి ఒకే పల్సు పంపితే బండి ఉన్నచోటే గిర్రున తిరిగింది. మోటార్లు ఎదురెదురు దిక్కులకు బిగించామని అప్పుడు గుర్తొచ్చింది. ఒకదానికి ఎక్కువ నిడివి, ఇంకోదానికి తక్కువ నిడివి ఇచ్చాక ముందుకు కదిలింది.

అయితే చక్రం ఎంత తిరిగిందో ఇప్పుడు మోటారుకే తెలియదు. సెకన్లు లెక్కపెట్టి దూరం అంచనా వేస్తున్నాం. బ్యాటరీ నీరసిస్తే ఆ లెక్కా తప్పుతోంది. మూడో సర్వోను మాత్రం విప్పలేదు. బండి మీద జెండా ఊపేది అదే, దానికి కోణం తెలియాలి.