ధీమా కాదు, రుజువు కావాలి

2023 జులై చివర్లో వరంగల్, హనుమకొండల్లో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. 29న భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఆ వారం మీ సర్వర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో, బ్యాకప్ డిస్క్ దాని పక్క బీరువాలో ఉండి ఉంటే రెండూ కలిసే మునిగేవి.

ఆస్పత్రి రికార్డులైనా, కాలేజీ మార్కులైనా, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి లెక్కలైనా... వాటి డేటాబేస్ బాధ్యత మీదైతే ‘బ్యాకప్ ఉందిలే’ అనే మాట మానేయండి. మూడు అలవాట్లు చేసుకోండి.

దూరంగా ఉంచండి: హనుమకొండలో సర్వర్, మడికొండలో కాపీ అంటే దూరం కాదు. రెండు చోట్లా కురిసేది ఒకే వాన. ఒక కాపీ మరో నగరంలో ఉండాలి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడి, ఉద్యోగుల ఫైళ్లు 858 టెరాబైట్ల మేర పోయాయి. వాటికి బయట ఎక్కడా కాపీ లేదు.

పాతవీ దాచండి: గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే కిందిదానికీ ముప్పే. రెప్లికేషనూ అంతే. ఇక్కడ పొరపాటున ఒక టేబుల్ డిలీట్ చేస్తే క్షణాల్లో అక్కడా మాయమవుతుంది. అందుకే నిన్నటి కాపీ, పోయిన వారం కాపీ విడిగా ఉండాలి. వాటి పాస్‌వర్డ్ కూడా వేరుగా ఉండాలి.

వాడి చూడండి: 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. తీరా చూస్తే రోజువారీ బ్యాకప్‌లు కొన్నాళ్లుగా పడటమే లేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల కిందటి కాపీ ఒకటి దొరికింది. మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అదృష్టాన్ని నమ్ముకోలేదు. 2024 మార్చి 2, శనివారం పనిగట్టుకుని మార్కెట్ తెరిచి, ట్రేడింగ్‌ను డిజాస్టర్ రికవరీ సైట్‌కు మార్చి నడిపి చూసింది.

మీరూ ఈ శనివారమే మొదలుపెట్టండి. దూరాన ఉన్న కాపీని వేరే మెషీన్‌లో రీస్టోర్ చేయండి. చివరి ఎంట్రీ ఏ సమయానిది? మొత్తం ఎంతసేపు పట్టింది? చేసిన ప్రతి మెట్టూ కాగితం మీద రాయండి. వచ్చే నెల ఆ కాగితాన్ని జూనియర్ చేతికిచ్చి, మీరు నోరు మెదపకుండా పక్కన కూర్చోండి. ‘నేను లేకపోతే పని జరగదు’ అనుకోవడం గొప్పగానే ఉంటుంది. కానీ వరదొచ్చిన రోజు మీరూ ఏదో కాలనీలో చిక్కుకుపోవచ్చు. మీరు లేకపోయినా డేటా తిరిగొచ్చేలా చేసినప్పుడే మీ పని పూర్తయినట్టు.