ఆనుకొని తొక్కే సైకిలు

సాధారణమైన సైకిలు ఎక్కినవాడు ముందుకు వంగి, పాదాలతో పెడళ్లను కిందికి తొక్కుతాడు. రికంబెంట్ సైకిలుపై అట్లా కాదు. పడకకుర్చీలో వలె వెన్ను వెనుకకు వాలి ఉంటుంది. పెడళ్లు ముందుచక్రం దాపున ఉంటాయి. కాళ్లు ఎదురుగా చాచి తొక్కాలి. శేషతల్పంపై పవళించిన శ్రీహరిని ఎరిగిన తెలుగువారికి ఈ భంగిమ కొత్త కాదు గాని, ఆ భంగిమలో వేగంగా పయనించడం మాత్రం కొత్తే. సమతలమైన దారిపై గంటకు 30 కిలోమీటర్ల వేగం దాటిన పిమ్మట తొక్కేవాని శ్రమలో అధికభాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. వాలిన దేహం గాలికి తక్కువగా అడ్డుపడుతుంది.

ఫ్రాన్సు దేశస్థుడైన షార్ల్ మోషే తన కుమారుని కోసం తొక్కుడు బండి ఒకటి నిర్మించాడు. రెండు చక్రాల సైకిలు పిల్లవానికి ప్రమాదకరమని భార్య భయపడడంతో దానికి నాలుగు చక్రాలు అమర్చాడు. ఆ బండే క్రమంగా 'వెలోకార్' అనే రెండు చక్రాల ఆనుడు సైకిలుగా పరిణమించింది. 1933 జులై 7న ఫ్రాన్సిస్ ఫోర్ దానిపై ఒక గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి, 1914 నుండి చెక్కుచెదరని ఆస్కార్ ఎగ్ రికార్డును అధిగమించాడు. అయితే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 1934లో సైకిలుకు కొత్త నిర్వచనం చెప్పి, ఇటువంటి వాటిని పోటీల నుండి వెలివేసింది. మోషే ఆ సంవత్సరమే మరణించాడు. పోటీ మనుషుల మధ్యనే గాని యంత్రాల మధ్య కాదనే వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. కాని ఆ తీర్పుతో ఒక మంచి వాహనం పోటీలకు, తయారీదారుల ఆదరణకు కూడా దూరమైంది. కావలసినవారు దానిని ఇంటి పెరటిలో తామే అతికించుకోవలసి వచ్చింది.

ఇనుపపని తెలిసినవారికి అది అసాధ్యమేమీ కాదు. పాత సైకిళ్లు రెండు ఉంటే చక్రాలు, ఫోర్కు, హ్యాండిలు, బ్రేకులు వాటినుండే లభిస్తాయి. పెడళ్ల ఇరుసు తిరిగే గుల్లను పాత ఫ్రేము నుండి కోసి, వెన్నెముక వంటి పొడవాటి ఉక్కు గొట్టం ముందుకొనకు అతికిస్తారు. అసలు పరీక్ష ఆ అతుకులోనే ఉంది. గొట్టం పలుచన, వెల్డింగ్ రాడ్డు ఒకేచోట క్షణకాలం ఎక్కువ నిలిస్తే చిల్లు పడుతుంది. త్వరపడి జరిపితే లోహం పైపైనే అంటుకుంటుంది. అటువంటి అతుకు చూపులకు బాగానే ఉండి, చక్రం గుంతలో పడిననాడు విరుగుతుంది. అందుచేత గొట్టం కొనను రెండవ గొట్టం గుండ్రానికి సరిపోయేటట్లు ఆకురాయితో అరగదీసి, సందు లేకుండా కూర్చి, ముందు నాలుగుచోట్ల చుక్కలుగా మాత్రమే అంటిస్తారు. చక్రాలు రెండూ ఒకే వరుసలో ఉన్నదీ లేనిదీ దారం పట్టి చూస్తారు. అతుకు చల్లారేటప్పుడు ఇనుము ముడుచుకొని గొట్టాన్ని ఒక పక్కకు లాగుతుంది కనుక, ఇటు కొంత, అటు కొంతగా పూర్తిచేస్తారు. జింకు పూత గల నీటిగొట్టం వాడితే, అతుకు పడేచోట పూతను ముందే తొలగించాలి. ఆ పొగ పీల్చినవారికి చలిజ్వరం వస్తుంది.

పెడళ్లకు, వెనుకచక్రానికి నడుమ దూరం పెరగడంతో ఒక గొలుసు చాలదు. రెండు మూడు కలిపి, సీటుకింద కప్పీ మీదుగా నడిపించాలి. సీటుకు ప్లైవుడ్ పలక, పైన స్పాంజి చాలు.

సైకిలు బాగా వచ్చినవాడు సైతం తొలిసారి దీనిపై తడబడతాడు. దేహాన్ని పక్కకు వంచి నిలదొక్కుకొనే అలవాటు ఇక్కడ అంతగా పనికిరాదు; హ్యాండిలుతోనే నిలబెట్టాలి. సీటు నేలకు దగ్గరగా ఉండడంవల్ల, లారీ నడిపేవారి కంట పడడానికి వెనుక పొడవాటి కర్రకు ఎర్రజెండా కట్టుకుంటారు.