పంటి వేరులో దాగిన మొండి సూక్ష్మజీవులు

పిప్పిపన్ను కొన్నాళ్లు తీవ్రముగా సలిపి, పిదప ఒకనాడు తనంతట తానే ఊరకుండుట పెక్కురి అనుభవము. లవంగ తైలము పనిచేసినదని వారు సంతోషింతురు. కాని అనేక పర్యాయములు అప్పుడు జరుగునది వేరు. పంటి లోపలి మెత్తని గుజ్జు, అందలి నరములతోను రక్తనాళములతోను గూడ చచ్చిపోవును. అందుచేతనే నొప్పి తెలియదు. చచ్చిన గుజ్జు సూక్ష్మజీవులకు నిలయమై, వేరు కొన చుట్టునున్న దవడ యెముక మెల్లగా కరగిపోవును.

ఈ వ్యాధికి సూక్ష్మజీవులే మూలమని 1965లో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డు అను శాస్త్రజ్ఞులు అమెరికాలో ఎలుకలపై చేసిన ప్రయోగము తేటపరచినది. వారు ఎలుకల పండ్లను తొలిచి గుజ్జును బయల్పరచిరి. సాధారణమైన ఎలుకలలో గుజ్జు చచ్చి చీము పట్టెను. సూక్ష్మజీవులే లేకుండ పెంచిన ఎలుకలలో మాత్రము, రంధ్రములో ఆహారము చిక్కుకొన్నను, గుజ్జు బ్రతికి దానిపై క్రొత్త గట్టిపొర యేర్పడెను.

రూట్ కెనాల్ చికిత్సలో వైద్యుడు చచ్చిన గుజ్జును తీసి, నాళమును సన్నని ఆకురాళ్లతో శుభ్రపరచి, గట్టాపర్చాతో నింపును. వినుటకిది సులభమే. కాని నాళము తిన్నని గొట్టము గాదు. అది వంగును, చీలును. పై దవడ మొదటి పెద్ద నమలు పంటిలో నాలుగవ నాళము తరచుగా దాగియుండును. నాళపు గోడలలో కంటికగపడని సూక్ష్మరంధ్రములు వేలకొలది కలవు. ఏ ఆకురాయియు వానిలో దూరజాలదు, సూక్ష్మజీవి దూరగలదు.

అట్టివానిలో మిగుల మొండిది ఎంటెరోకాకస్ ఫీకాలిస్. ఇది సాధారణముగా మానవుని ప్రేగులలో నివసించును. చికిత్స విఫలమైన పండ్లలో దీనిని తరచుగా కనుగొనిరి. ఆహారము మిక్కిలి కొరవడినను ఇది చాలకాలము జీవించును. తోటి జీవులతో కలిసి జిగురుపొర కట్టుకొని దానిచాటున నుండును. వైద్యులు నాళములో నుంచు కాల్షియం హైడ్రాక్సైడ్ మందు యొక్క క్షారగుణమును గూడ కొంతవరకు ఓర్చుకొనును.

కావున వైద్యుడు ఆకురాళ్లపై కన్న, కడుగు ద్రావకముపై నెక్కువగా ఆధారపడును. వీనిలో ముఖ్యమైనది సోడియం హైపోక్లోరైట్. మొదటి ప్రపంచయుద్ధములో సైనికుల గాయములను కడిగిన డేకిన్ ద్రావకము ఇదియే. ఇది సూక్ష్మజీవులను చంపుటయేగాక చచ్చిన గుజ్జును గూడ కరగించును. దీనికి కొంత వ్యవధి కావలెను. కుర్చీలో కూర్చున్న రోగి విసుగుకొనరాదు. వైద్యుడు పంటి చుట్టు రబ్బరు తెర బిగించినచో అభ్యంతరము చెప్పరాదు. ఉమ్మి నాళములో పడకుండుటకును, ద్రావకము గొంతులోనికి జారకుండుటకును అదియే రక్ష.

యాంటీబయాటిక్ మాత్రలు కొనుక్కొని మింగినచో చాలదా యని కొందరడుగుదురు. చాలదు. మందును మోయునది రక్తము. చచ్చిన గుజ్జులో రక్తప్రసారము లేదు. వాపు వ్యాపించి జ్వరము వచ్చినపుడు వైద్యుడు మాత్రలు వ్రాయవచ్చును గాని, అవి నాళశుద్ధికి బదులు కాజాలవు.

పెక్కుమంది చేయు పొరపాటొకటి కలదు. నొప్పి తగ్గగానే, తాత్కాలికముగా పూసిన సిమెంటుతోనే నెలలు గడుపుదురు. అది అరిగి ఉమ్మి లోనికి దిగినచో సూక్ష్మజీవులు మరల ప్రవేశించును. శాశ్వతమైన పూరకమును, నమలు పండ్లకు తరచుగా తొడుగును, ఆలస్యము లేక వేయించుకొనవలెను. ఎముక మరల పూడుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును గనుక, వైద్యుడు చెప్పిన గడువునకు ఎక్స్‌రే తీయించుకొనవలెను. మచ్చ తగ్గనిచో నాళమును తెరచి మరల శుభ్రపరచుటయో, వేరు కొనను శస్త్రముతో తీయుటయో చేయుదురు. ముఖము వాచి నోరు తెరచుటకో, మ్రింగుటకో, ఊపిరి పీల్చుటకో కష్టమైనచో ఆ క్షణముననే ఆసుపత్రికి పోవలెను.