వీధికీ పిట్టగోడ కావాలి
పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 22:8

క్రొత్త ఇల్లు కట్టుకున్నవాడు డాబాకు పిట్టగోడ కట్టించాలి. లేకుంటే పడి చనిపోయినవాని ప్రాణానికి ఇంటివాడే జవాబుదారి అని ధర్మశాస్త్రం నేర్పుతుంది. గాయానికి కట్టు కట్టడమే కాదు, గాయం కాకుండా చూడడం కూడా మన పరిచర్యే.

నేడు మన వీధి పిట్టగోడ లేని డాబా వంటిది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వేగం రెండింతలైతే, బ్రేకు పడ్డాక బండి ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. బడి గేటు నుండి పరుగెత్తే బిడ్డకు ఆ దూరమే ప్రాణం.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలక సంఘాలకు అప్పగించదగిన పనులలో రోడ్లను, వీధిదీపాలను చేర్చింది. అందుచేత వార్డు కౌన్సిలరు బాధ్యత పెద్దది. శ్రద్ధగల కౌన్సిలరు బడి వదిలే వేళ మలుపులో నిలబడి చూస్తారు. ఇంజినీరుతో, ట్రాఫిక్ పోలీసులతో మాట్లాడతారు. కౌన్సిల్ సమావేశంలో ఆ సంగతి ఎత్తుతారు.

మనం చేయవలసినవి:
1. అర్జీలో ఏ మలుపు, ఏ వేళ, ఏ దీపం వెలగడం లేదో స్పష్టంగా వ్రాయండి. ఇరుగుపొరుగువారి సంతకాలు చేర్చి, నకలు దాచుకోండి.
2. స్పీడ్ బ్రేకరు మీరే వేయకండి. భారత రోడ్డు కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం అది నిర్ణీత ఎత్తు, వెడల్పులతో ఉండాలి. నిటారు గట్టు బైకు వెనుక కూర్చున్న తల్లిని పడేస్తుంది.

ఆలోచించండి: ఆదివారం మన గుడి ముందు బండ్లు నిలిపాక, నడిచేవారికి దారి మిగులుతున్నదా?