గ్రీకు నీళ్ళలో దిగేముందు

చి.సౌ. అమ్ములుకి,

నువ్వు పంపిన ప్రయాణం పట్టీ చూశాను. శనివారం ఏథెన్స్‌లో పడవ తీసుకోవడం, మైకొనోస్, శాంటోరినీ చుట్టేసి మళ్ళీ శనివారానికి అక్కడే అప్పజెప్పడం. అదీ జూలై ఆఖరు వారంలో, అదీ మీ అమ్మని వెంటబెట్టుకుని. ఫెర్రీ ఎక్కి తిరిగేవాళ్ళకి ఈ పట్టీ చక్కగా సరిపోతుంది. తెరచాప పడవకి పనికిరాదు.

ఏథెన్స్ నుంచి శాంటోరినీకి ఒకవైపే దాదాపు 130 నాటికల్ మైళ్ళు. మీరు తీసుకోబోయే 40 అడుగుల పడవ గంటకి 5, 6 మైళ్ళు పోతే గొప్ప. వెళ్ళేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి హాయిగానే ఉంటుంది, తిరిగి రావడమే చిక్కు. జూలై, ఆగస్టు నెలల్లో ఈజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. గాలి బలం కొలిచే బోఫోర్ట్ లెక్కలో 6, 7 దాకా పోతుంది, ఒకసారి పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. ఆకాశంలో మబ్బు తునక కనబడదు, ఎండ కాస్తూనే ఉంటుంది, సముద్రం మాత్రం తెల్లగా లేస్తుంది. బాల్కన్ దేశాల మీద అధిక పీడనం, టర్కీ మీద అల్పపీడనం, వాటి మధ్య పుట్టే గాలి ఇది. టర్కీ మీది ఆ అల్పపీడనం మన నైరుతి ఋతుపవనాలను లాక్కొచ్చే అల్పపీడనానికి పడమటి కొస. కాకినాడలో వానలు పడే రోజుల్లోనే అక్కడ గాలి చెలరేగుతుంది. ఇంతా చేసి శాంటోరినీ చేరినా, ఆ తెల్ల ఇళ్ళ కింద ఉన్నది అగ్నిపర్వతం పేలి ఏర్పడిన గుంట, మామూలు లంగరుకి అందని లోతు. పడవలవాళ్ళు దక్షిణాన వ్లిఖాడా అనే చిన్న రేవుకి పోయి చోటు వెతుక్కోవాలి.

అందుకని దేశానికి పడమటి పక్కకి రండి. అయోనియన్ సముద్రంలో లెఫ్కాడా దగ్గర పడవ తీసుకోండి. ప్రెవెజా పక్కన ఆక్టియో విమానాశ్రయంలో దిగితే మెరీనా దగ్గరే. అక్కడ వేసవిలో పొద్దున గాలి ఉండదు. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంటకి వాయవ్యం నుంచి మాయిస్ట్రో లేస్తుంది, అదే బోఫోర్ట్ లెక్కలో 4 నుంచి 5 దాకా పెరుగుతుంది, సూర్యాస్తమయానికి పడిపోతుంది. దీవులు ఒకదానికొకటి కనబడేంత దూరంలో ఉంటాయి. పొద్దున ఈత, మధ్యాహ్నం తెరచాప, సాయంత్రం రేవు. లెఫ్కాడాకి దక్షిణాన సివోటా, అక్కణ్ణుంచి కెఫలోనియా దీవిలో ఫిస్కార్డో, తరవాత ఇథాకా దీవిలో కియోని, మెగనీసి దీవి మీదుగా వెనక్కి. ఒక్కొక్కటి పది, పదిహేను మైళ్ళు. వారానికి ఇదే ఎక్కువ. మధ్యలో ఒకరోజు ఎక్కడికీ కదలకుండా ఖాళీగా ఉంచు. గాలి ఎదురు తిరిగితే ఆ రోజు కలిసొస్తుంది, తిరక్కపోతే మీ అమ్మ నీకు దండం పెడుతుంది. నెల మాత్రం జూన్ చూడు, కుదరకపోతే సెప్టెంబరు.

జర్మనీలో నువ్వు తీసుకున్న ఎస్‌బీఎఫ్ సీ లైసెన్సు గురించి గట్టిగానే చెబుతున్నాను. అది ఇంజను పడవ మీద పెట్టే పరీక్ష. తెరచాప ఎత్తడం, దించడం, కుదించడం అందులో లేదు. కాగితం ఉంది కదా అని నలుగురి ప్రాణాలు చేతిలోకి తీసుకోకు. పైగా గ్రీసులో సరంగు లేకుండా పడవ ఇవ్వాలంటే ఒకరికి లైసెన్సు, రెండో మనిషికి పడవ అనుభవం ఉండాలని అడుగుతారు. నీ లైసెన్సు చెల్లుతుందో లేదో కంపెనీవాడి చేత రాతపూర్వకంగా చెప్పించుకో. మొదటి ఏడాదికి అక్కడి సరంగునే పెట్టుకోమంటాను. అతనికి ఒక గది, మూడు పూటలా తిండి మీరే చూడాలి కాబట్టి పడవలో పడకలు లెక్కపెట్టుకునేటప్పుడు అతన్నీ కలుపు. డబ్బు దండగ అని అల్లుడు అంటాడు, తెలుసు. ఆ వారంలో అతను నీకు నేర్పేది ఏ క్లాసులోనూ దొరకదు. నేను ఇన్నేళ్ళు ఓడల్లో పనిచేసి వచ్చినవాణ్ణి, అయినా చిన్న పడవలు వేరే విద్య. ఓడకి పైలట్ వస్తాడు, టగ్గులు తోస్తాయి. చిన్న పడవకి తోసేది, లాగేది, తిట్లు తినేది అన్నీ మనమే.

అసలు కష్టం సముద్రం మీద ఉండదు, సాయంత్రం గట్టు దగ్గర ఉంటుంది. మధ్యధరాలో ఆటుపోటు లేనట్టే, అందుకని అక్కడ పడవని పక్కవాటుగా కాకుండా వెనక భాగం గట్టుకి చేర్చి, ముందు లంగరు వేసి కడతారు. నీ చోటుకి ఎదురుగా మూడు నాలుగు పడవల పొడవు దూరంలో లంగరు వదలాలి. 12 మీటర్ల పడవకి 40 మీటర్ల గొలుసు పైమాటే. అది వదులుతూ తిన్నగా వెనక్కి రావాలి. తక్కువ వదిలినవాళ్ళ పడవే రాత్రి గాలికి జారి పక్కవాళ్ళ మీద పడేది. వెనక్కి నడిపేటప్పుడు ప్రొపెల్లర్ వెనక భాగాన్ని ఒక పక్కకి లాగుతుంది. ఏ పక్కకో మొదటి రోజే ఖాళీ నీళ్ళలో తెలుసుకోవాలి. రాపిడి నుంచి కాపాడే ఫెండర్లు రెండు వైపులా ముందే వేలాడదీసి ఉంచు. గాలి వచ్చే వైపు వెనక మోకు మొదట గట్టుకి అందాలి, తరవాత రెండోది. ఆ పైన గొలుసు బిగించి, పడవకీ గట్టుకీ మధ్య మీటరు పైన సందు ఉంచి పలక వెయ్యండి. మీ అమ్మ దిగేది ఆ పలక మీదే కాబట్టి, రెండు వైపులా తాడు పట్టుకోవడానికి కడతారా అని పడవ తీసుకునే రోజే అడుగు. ఫెర్రీ పోయినప్పుడల్లా అలలు వస్తాయి. ఆ సందు లేకపోతే పడవ వెనక భాగం గట్టుకి గుద్దుకుంటుంది, నీ డిపాజిట్‌లో కొంత అక్కడే పోతుంది.

రాత్రికి లంగరు మీదే ఉండేటప్పుడు అడుగు చూసుకుని వెయ్యాలి. ఇసుక, బురద పట్టుకుంటాయి. నీళ్ళలో నల్లని మచ్చల్లా కనబడేది పొసిడోనియా అనే సముద్రపు గడ్డి. అందులో లంగరు గుచ్చుకోదు, పైగా అది రక్షణలో ఉన్న మొక్క, దాన్ని చీల్చకూడదు. రెండు పడవల గొలుసులు అడ్డం పడితే కంగారు పడొద్దు, హైడ్రా దీవిలోలాంటి చిన్న రేవుల్లో అది ప్రతి ఉదయం జరిగే తంతు. నీ లంగరు పైకి తీసి, ఎదుటివాడి గొలుసు కింద ఒక మోకు వేసి దాన్ని పడవకి కట్టేసి, నీ లంగరుని కాస్త దించితే విడివడుతుంది. తరవాత మోకు వదిలెయ్యడమే. ఎవరూ అరవక్కర్లేదు. అరిచేవాళ్ళు ఉంటారనుకో.

ఫిస్కార్డో మధ్యాహ్న భోజనం వేళకే నిండిపోతుంది. గట్టు మీద చోటు దొరక్కపోతే ఉత్తరపు ఒడ్డున లంగరు వేసి, రాళ్ళకి పొడుగాటి మోకు కట్టి, చిన్న రబ్బరు పడవలో ఊళ్ళోకి రావాలి. 1953 భూకంపంలో కెఫలోనియా దాదాపు నేలమట్టమైతే మిగిలిన ఊరు ఇదొక్కటే అనొచ్చు, అందుకే ఆ పాత రంగుల ఇళ్ళు. అందం ఎంత ఉందో రద్దీ అంత ఉంది. నాకైతే కియోనీయే ఇష్టం. రేవు మొదట్లో మూడు శిథిలమైన గాలిమరలు, లోపల చిన్న గట్టు. ఇంకా ఒంటరితనం కావాలంటే కలామోస్ దీవిలో పోర్ట్ లియోనే. అదే భూకంపం తరవాత ఊరివాళ్ళు వదిలేసి పోయారు, ఇళ్ళు కూలాయి, గుడి ఒక్కటి శుభ్రంగా ఉంది. అక్కడ తిండి దొరకదు, సామాను ముందే కొనుక్కో. ఎక్కడికైనా సరే, మధ్యాహ్నం 2 గంటలకల్లా చేరాలి. రాడ్ హైకెల్ రాసిన గ్రీక్ వాటర్స్ పైలట్ పడవలో ఉందో లేదో చూసుకో. లేకపోతే కొను. ఏ రేవు ఏ గాలికి తెరుచుకుని ఉంటుందో అందులో ఉంటుంది, ఫోనులో చూసే నక్షత్రాల రేటింగుల్లో ఉండదు.

టావర్నాల, అంటే అక్కడి భోజనశాలల దగ్గరికి వస్తే, అయోనియన్‌లో చాలాచోట్ల పడవలు కట్టే గట్లు టావర్నాల సొంతవి. మెగనీసిలో స్పార్టోఖోరి కొండ కింద అలాంటివే. గట్టునుంచి మోకు అందిస్తారు, లంగరు వెయ్యక్కర్లేదు, కట్టడానికి డబ్బు తీసుకోరు. బదులుగా ఆ రాత్రి అక్కడే భోంచెయ్యాలి, ఇది రాయని ఒప్పందం. పడవలో ఉప్మా చేసుకుని తిని పొద్దున వెళ్ళిపోకు, ఆ తరవాత వచ్చే మనవాళ్ళ పరువు కూడా పోతుంది.

మీ అమ్మకి తిండి ఏమిటని అడిగావు. భయం లేదు. కందిపప్పు కాదుగానీ, ఫావా అనే పసుపుపచ్చ పప్పు ముద్ద మన ముద్దపప్పుకి బంధువు, మీద ఉల్లిపాయా ఆలివ్ నూనే. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర, నిమ్మకాయ పిండుకుని తినాలి. బ్రియామ్‌లో వంకాయ, బంగాళాదుంప. బామియెస్ అంటే టమాటాలో ఉడికిన బెండకాయ. చిక్కల్లా ఒక్కచోటే. ఉపవాస వంటకం, నిస్తీసిమో, అంటే శాకాహారం అనుకుని మోసపోవద్దు. అందులో రొయ్యలు, ఆక్టోపస్ ఉండొచ్చు. హోరిస్ క్రేయస్, హోరిస్ ప్సారి అని, మాంసం వద్దు చేప వద్దు అని విడివిడిగా చెప్పి, రొయ్యలూ వద్దని మళ్ళీ చెప్పు. అల్లుడికి చేప కావాలంటే అది కిలో లెక్కన అమ్ముతారు. మంచుపెట్టె దగ్గరికి వెళ్ళి చేపని చూసి, తూకం వేయించి, ధర అడిగాకే పెనం మీదికి పంపండి. వంటకాల జాబితాలో పేరు పక్కన నక్షత్రం గుర్తు ఉంటే అది ఫ్రీజరు సరుకు. రొట్టె అడక్కుండా తెస్తారు, బిల్లులో వేస్తారు. రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టక్కర్లేదని చట్టమే ఉంది, జాబితా అడుగునే అచ్చేసి ఉంటుంది. దారిలో నిలబడి ఫొటోల బోర్డు చూపించి చెయ్యి పట్టుకుని పిలిచేచోటికి పోవద్దు. వంటింట్లోకి తొంగిచూడనిచ్చేచోట కూర్చోండి.

మీ అమ్మ వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చి ఉంటే, దగ్గర్లోనే ఉంది కదా అని కార్ఫూ నుంచి అల్బేనియాకి పడవ దాటించొద్దు. షెంగెన్ బయటికి అడుగుపెట్టినట్టే, తిరిగి రావడం కుదరదు. తీరరక్షక దళం ఫోను 108, అది అందరి ఫోన్లలో పెట్టండి.

పడవ అప్పగించుకునే సాయంత్రం తొందరపడొద్దు. లంగరు గొలుసు మొత్తం బయటికి తీయించి చూడు, ఇంజను పెట్టి వెనకనుంచి చల్లార్చే నీళ్ళు వస్తున్నాయా చూడు, పాత గీతలన్నీ వీడియో తియ్యి. డిపాజిట్ రెండు మూడు వేల యూరోల దాకా అడగొచ్చు. డీజిలు, శుభ్రం చేసే ఖర్చు, దుప్పట్లు, టెపాయ్ అనే పన్ను ధరలో కలిశాయా లేదా అడిగి రాయించుకో. జూన్ పడవలు చలికాలంలోనే అయిపోతాయి, ఆలస్యం చెయ్యకు. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు నాకొక ప్రతి పంపు. రద్దు షరతులూ, డిపాజిట్ వెనక్కిచ్చే షరతులూ చదివి చెబుతాను.

మీ మామయ్య